పశువుల నుంచి మనుషులకు సోకే చర్మవ్యాధులు: చిత్తూరు, తిరుపతి ప్రాంతం

ఆవులు, ఎనుములు, గొర్రెలు, మేకలు, పందులు, కోళ్ళతో కలిసి బతికే మనుషులకు వాటి నుంచి చర్మం ద్వారా అంటుకునే జబ్బులను పశుజన్య చర్మవ్యాధులు అంటారు. వీటన్నిటికీ మూలం ఒకటి కాదు. దొమ్మకు బాక్టీరియా కారణం, మూతిపుండ్లకు వైరస్, తామరకు బూజు జాతి శిలీంధ్రం, గజ్జికి కంటికి ఆనని పురుగు. సోకే దారి మాత్రం దాదాపు ఒకటే. పాలు పిండే చేయి, దూడను బయటికి లాగే చేయి, తోలు ఒలిచే చేయి. ఆ చేతి మీద ముల్లు గీసిన గాటో, కొడవలి కోతో ఉంటే చాలు.

చిత్తూరు జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలోనూ ఈ విషయం చాలా ఇళ్ళకు నేరుగా సంబంధించినది. వానల మీద ఆధారపడిన వేరుశనగ చేతికి రాని ఏడాది పాల డబ్బులే ఇల్లు నడుపుతాయి. మెట్ట పొలాల్లో, గుట్టల అంచుల్లో జీవాల మందలు తిరుగుతాయి. జీవాలంటే ఇక్కడి మాటలో గొర్రెలు, మేకలు. ఒకప్పుడు పుంగనూరు పొట్టి ఆవుకు పేరుపడిన నేల ఇది. ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్నారు. కొట్టాల్లో ఇప్పుడు ఎక్కువగా కనబడేవి సంకర జాతి జెర్సీ, హెచ్ఎఫ్ ఆవులు. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. దానికి పైన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో వచ్చింది. సరిహద్దు దాటితే రాణిపేటలో 1932 నాటి పశు టీకాల సంస్థ, వేలూరులో సీఎంసీ ఆసుపత్రి, ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ పరిశ్రమలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇందులో చాలా భాగం ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. రాష్ట్రాలు వేరైనా మందలు, తోళ్ళు, రోగులు తిరిగే దారులు అంతగా మారలేదు.

ఈ జబ్బుల్లో చాలావాటికి పెద్ద వైద్యం అక్కర్లేదు. వాటంతట అవే మానతాయి. తొందరపడి కోయడం, కాల్చడం, దొరికిన ఆయింట్‌మెంట్ పూయడం వల్లే అవి ముదురుతాయి. ప్రాణం తీసేది ముఖ్యంగా ఒకటే, దొమ్మ. దానికి మందు చవకైనది, పాతది, తాలూకా ఆసుపత్రిలోనూ దొరికేది. ఈ రెండు రకాలనూ విడదీయాలంటే పుండును ఎంత శ్రద్ధగా చూస్తామో, ఆ మనిషి ఇంటి కొట్టం గురించి అంత శ్రద్ధగా అడగాలి. ఆ అడగడమే మన ఆసుపత్రుల్లో తక్కువ.

దొమ్మ

దొమ్మనే కొన్నిచోట్ల నెరడు అంటారు. వైద్యుల మాటలో ఆంత్రాక్స్. బాసిల్లస్ ఆంథ్రాసిస్ అనే బాక్టీరియా దీన్ని కలిగిస్తుంది. ఫలానా జబ్బుకు ఫలానా సూక్ష్మజీవే కారణమని 1876లో రాబర్ట్ కాక్ నిరూపించింది దీని మీదే. 1881లో లూయీ పాశ్చర్ నలుగురి ముందు గొర్రెలకు టీకా వేసి బతికించి చూపిందీ దీని నుంచే. మనిషికి ఇంతకాలంగా తెలిసిన జబ్బు ఇంకా మందల్లో తలెత్తుతూనే ఉండటానికి కారణం దాని సిద్ధబీజాల్లో ఉంది.

జంతువు ఒంట్లో ఉన్నంతసేపు ఈ బాక్టీరియా పెద్ద మొండిది కాదు. కళేబరాన్ని కోయకుండా వదిలేస్తే, లోపల కుళ్ళు పట్టడంతో కొద్ది రోజుల్లో అదే నశిస్తుంది. కత్తి పెట్టగానే కథ మారుతుంది. రక్తం నేల మీద పడి గాలి తగిలితే ప్రతి బాక్టీరియా తన చుట్టూ గట్టి కవచం కట్టుకుని సిద్ధబీజంగా, అంటే స్పోరుగా మారుతుంది. ఎండా, కరువూ, మామూలు క్రిమిసంహారకాలూ దాన్ని ఏమీ చేయలేవు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో స్కాట్లండ్ దగ్గరి గ్రూయినార్డ్ దీవి మీద బ్రిటిష్ వాళ్ళు ఈ క్రిమితో ప్రయోగాలు చేశారు. 1986లో దీవి నేలను ఫార్మాల్డిహైడ్‌తో శుద్ధి చేసేదాకా అక్కడ మనుషులు తిరగడానికి వీల్లేకపోయింది. భయం లేదని ప్రకటించింది 1990లో. 2016లో సైబీరియాలోని యమాల్ ప్రాంతంలో మంచునేల కరిగినప్పుడు వేల రెయిన్‌డీర్లు దొమ్మతో చచ్చాయి, ఒక బాలుడు కూడా పోయాడు.

మన మెట్ట నేలల్లో జరిగేదీ ఇదే, కాస్త చిన్న కొలతలో. పాతికేళ్ళ కిందట ఒక గొర్రెను కోసిన చోటు ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. వేసవంతా ఎండిన నేల మీద తొలకరి పడగానే పైమట్టి కదులుతుంది, పొట్టి గడ్డి లేస్తుంది. ఆకలి మీదున్న గొర్రె ఆ గడ్డిని వేరుదాకా కొరుకుతుంది, మట్టీ కడుపులోకి పోతుంది. మందలో మొన్నటిదాకా బాగున్న జీవం పొద్దున్నే ఉబ్బి పడి ఉంటుంది. ముక్కు నుంచి, మలద్వారం నుంచి నల్లటి రక్తం, అది గడ్డకట్టదు. ఒళ్ళు కొయ్యబారదు.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన పోలిక ఉంది. తొలకరి పచ్చిక మేసి జీవాలు ఉన్నట్టుండి చావడం కాపరులకు కొత్త కాదు. చిటుక రోగం కూడా అలాగే, అదే కాలంలో చంపుతుంది. చిటుకతో పోయిన గొర్రెను కోసుకున్న అనుభవం ఉన్నవాళ్ళకు దొమ్మతో పోయినదాన్నీ కోయడం తప్పుగా తోచదు. రెంటినీ కళ్ళతో చూసి విడదీయడం పశువైద్యుడికి కూడా కష్టమే. చెవి నరం నుంచి తీసిన ఒక్క రక్తపు బొట్టును గాజు పలక మీద పూసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోతుంది. నీలి కడ్డీల చుట్టూ గులాబీ రంగు తొడుగు కనబడితే అది దొమ్మ. కళేబరాన్ని కోయకుండానే చేయగల పరీక్ష ఇది.

కానీ ఆ పరీక్ష జరిగేలోపు కత్తి పని అయిపోతుంది. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పది, ఇరవై వేలు పలికే జీవం పోతుంటే, కొన ఊపిరి ఉండగానే కోస్తే కొంతైనా చేతికి వస్తుంది. మాంసాన్ని పోగులు వేసి చుట్టుపక్కల ఇళ్ళకు తక్కువ ధరకు, కొన్నిసార్లు అప్పు మీద ఇస్తారు. తోలు వేరుగా తోళ్ళ వ్యాపారికి పోతుంది. ఉడికించి తిన్నవాళ్ళకంటే ముందు జబ్బు పడేది సాధారణంగా కోసినవాళ్ళు, ఒలిచినవాళ్ళు, పచ్చి మాంసం ముక్కలు చేసిన ఆడవాళ్ళు.

ప్రపంచవ్యాప్తంగా మనుషులకు వచ్చే దొమ్మలో దాదాపు 95 శాతం చర్మానికి వచ్చేదే. ఒకటి నుంచి ఏడు రోజుల్లో చేతి మీదో, ముంజేతి మీదో, మెడ మీదో, మొహం మీదో దురద పెట్టే చిన్న గుల్ల లేస్తుంది. పురుగు కుట్టిందనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో దాని చుట్టూ నీటి పొక్కులు, నడుమ పుండు. ఆ పుండు మీద నల్లటి పెచ్చు కడుతుంది. చుట్టూ వాపు మాత్రం పుండుకు మించి ఉంటుంది. మొహం మీద వస్తే కళ్ళు మూసుకుపోయేంత. ఇంత వాపు, ఇంత నలుపు ఉన్నా నొప్పి ఉండదు. గుర్తుపట్టడానికి ముఖ్యమైన ఆనవాలు ఈ నొప్పి లేకపోవడమే. మనిషి ఆసుపత్రికి ఆలస్యంగా రావడానికి కారణమూ అదే. వైద్యం లేకపోతే నూటికి పది నుంచి ఇరవై మంది దాకా చనిపోతారు. సకాలంలో మందు పడితే ఒక్కరు పోవడం కూడా అరుదు.

చిత్తూరు జిల్లా రామభద్రాపురం గ్రామంలో మనుషులకు దొమ్మ ప్రబలిన సంగతి మీద 1990లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో పరిశోధన పత్రం వచ్చింది. ఈ ప్రాంతం దొమ్మ చరిత్రలో అది గుర్తుంచుకోవలసిన నమోదు. ఊరి పేరుతో సహా వైద్య సాహిత్యంలోకి ఎక్కిన సందర్భాలు మనకు ఎక్కువ లేవు. 1994లో వేలూరు సీఎంసీ వైద్యులు దొమ్మ మెదడుకు పాకి మెదడు పొరల వాపుగా మారిన రోగుల గురించి రాశారు. ఆ దశకు చేరితే బతికించడం దాదాపు అసాధ్యం. 2005లో విశాఖపట్నం జిల్లాలో చర్మ దొమ్మ గురించి వచ్చిన పత్రం, ఆ జిల్లాను దొమ్మ మామూలుగా లేని జిల్లాగా పేర్కొంటూ మొదలవుతుంది. ఆ తర్వాతి ఏళ్ళలో విశాఖ మన్యం నుంచి ఈ వార్తలు మళ్ళీ వచ్చాయి. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు దొమ్మతో చచ్చాయి. ఏ జిల్లానూ దొమ్మ లేని జిల్లా అనడానికి వీల్లేదు. అడగనిచోట, పరీక్షించనిచోట అది లేనట్టే లెక్క పడుతుంది.

వైద్యం సంగతి. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లలో ఏదైనా పనిచేస్తుంది. జంతువు నుంచి సహజంగా సోకిన, ముదరని చర్మ దొమ్మకు వారం, పది రోజులు సాధారణంగా సరిపోతాయి. ఒక సంగతి రోగికి ముందే చెప్పాలి. మందు మొదలుపెట్టినా నల్లపెచ్చు తన క్రమంలో ముదిరి, ఎండి, రాలుతుంది. రెండో రోజు పెచ్చు ఇంకా నల్లగా ఉందని మందు మానేయకూడదు, మరో చోటికి పరుగెత్తకూడదు. పుండును కోయడం, పిండటం, వాత పెట్టడం క్రిమిని రక్తంలోకి తోసే పనులు. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు కాబట్టి రోగిని వెలివేయాల్సిన పని లేదు.

మందలకు టీకా ఉంది. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ తయారుచేసిన, జబ్బు కలిగించే శక్తి తగ్గించిన బీజం నుంచే ఇప్పటికీ ప్రపంచంలో చాలాచోట్ల ఈ టీకా చేస్తారు. రాణిపేట సంస్థ తయారుచేసే వాటిలో ఇదీ ఒకటి. దొమ్మ వచ్చిన ఊళ్ళలో ఏడాదికొకసారి, తొలకరికి ముందు వేయించాలి. ఇది బతికున్న బీజంతో చేసిన టీకా. అందువల్ల వేసే రోజుల్లో జీవాలకు యాంటీబయాటిక్ ఇస్తే టీకా వృథా అవుతుంది.

కళేబరాన్ని కాల్చడం అన్నిటికంటే మేలు. కట్టెలు, ఖర్చు లేనప్పుడు కనీసం ఆరడుగుల లోతున, నీటి వనరులకు దూరంగా, కోయకుండా పాతిపెట్టాలి. గుంటలో సున్నం పోయడం మనకు అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దొమ్మ మార్గదర్శకాలు దీన్ని సిఫారసు చేయవు. సున్నంలోని కాల్షియం సిద్ధబీజాలు నిలిచి ఉండటానికే తోడ్పడవచ్చు. దశాబ్దాలుగా మంచిదనుకుని చేస్తున్న పనిని మార్చడం ఒక్క సర్క్యులర్‌తో అయ్యేది కాదు. ఊళ్ళోకి వచ్చే పశుసంవర్ధక సిబ్బంది గుంట దగ్గర నిలబడి చెప్పవలసిన మాట అది.

పొక్కుల జబ్బులు

పాలు పిండేవాళ్ళ చేతికీ, కాపరుల చేతికీ వచ్చే పొక్కులకు మూడు నాలుగు వైరస్‌లు కారణం. ఇవన్నీ మసూచి వైరస్‌కు దగ్గరి, దూరపు చుట్టాలు.

గొర్రె పిల్లల, మేక పిల్లల మూతి చుట్టూ పెచ్చులు కట్టే మూతిపుండ్ల వ్యాధిని ప్రతి కాపరీ ఎరుగును. పిల్లలు పాలు చీకలేక బక్కచిక్కుతాయి. వాటికి సీసాతో పాలు పట్టేటప్పుడు, నోరు తెరిచి మందు పోసేటప్పుడు, తలకాయ కాల్చి శుభ్రం చేసేటప్పుడు వైరస్ వేళ్ళకు అంటుతుంది. మూడు నుంచి ఏడు రోజుల్లో వేలి మీద ఎర్రటి గడ్డ లేస్తుంది. నడుమ తెల్లటి వలయం, తర్వాత నీరు కారే పుండు, ఆ తర్వాత పెచ్చు. చంకలో బిళ్ళలు కట్టవచ్చు, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. నెల, నెలన్నరలో మచ్చ కూడా పెద్దగా మిగలకుండా మానుతుంది. చూడటానికి మాత్రం భయంకరంగా ఉంటుంది. చీము అనుకుని కోస్తే లోపల చీము ఉండదు, గాయమే పెద్దదవుతుంది. శుభ్రంగా కడిగి గుడ్డ కట్టడమే దీనికి వైద్యం. పైన వేరే బాక్టీరియా చేరితేనే యాంటీబయాటిక్. రాలిన పెచ్చుల్లో ఈ వైరస్ పొడి దొడ్డిలో నెలల తరబడి బతుకుతుంది. ఏటా కొత్త ఈతలకు అదే దొడ్డిలో జబ్బు తిరగబెట్టేది అందుకే.

బక్రీదు తర్వాతి వారాల్లో ఇలాంటి చేతిపుండ్లతో రోగులు పెరగడాన్ని టర్కీ వైద్యులు పలుమార్లు నమోదు చేశారు. మన వైపు బక్రీదుతో పాటు ఊరి గంగమ్మ జాతర్లలో పొట్టేళ్ళు, మేకపోతులు తెగుతాయి. మాంసం కొట్టు అలవాటు లేని ఇంటివాళ్ళే ఆ రోజు కత్తి పడతారు. జాతర అయిన రెండు వారాలకు వేలి మీద గడ్డతో వచ్చిన మనిషిని, ఆ రోజు తలకాయ ఎవరు శుభ్రం చేశారని అడిగితే సగం రోగనిర్ణయం అయిపోతుంది.

ఆవు చన్నుల మీద చిన్న పొక్కుల నుంచి పిండేవాళ్ళ వేళ్ళకు వచ్చే గడ్డలు దీనికి సోదరులు. మూతిపుండ్ల వైరస్ కుటుంబానిదే మరో వైరస్ వాటికి కారణం. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవు మసూచితో మసూచికి టీకా కనిపెట్టినప్పుడు, అన్ని ఆవు పొక్కులూ మసూచి నుంచి కాపాడవని, కొన్ని ఉత్తుత్తివని గమనించాడు. ఆ ఉత్తుత్తి పొక్కుల్లో ఇవీ ఉన్నాయని నేటి శాస్త్రజ్ఞుల భావన.

మన ఉపఖండంలో ఎక్కువగా కనబడేది ఎనుము మసూచి, అంటే గేదె మసూచి. దీన్ని మొదట వర్ణించింది 1934లో, లాహోరులో. ఎనుముల చన్నులు, పొదుగు, కొన్నిసార్లు చెవులు, తొడలు పొక్కులతో నిండుతాయి. పిండేవాళ్ళ అరచేతులకు, ముంజేతులకు, ఒక్కోసారి మొహానికి నొప్పితో కూడిన గుంట పొక్కులు వస్తాయి, జ్వరం వస్తుంది. 1996లో విజయవాడలో వేరుచేసిన వైరస్ ఈ జబ్బు మీద జరిగిన భారతీయ పరిశోధనల్లో ఈనాటికీ ప్రామాణిక నమూనాల్లో ఒకటి.

ఈ వైరస్ పుట్టుక ఆలోచింపజేస్తుంది. మసూచి టీకాకు వాడిన వాక్సీనియా వైరస్‌కు ఇది అతి దగ్గరిది. ఒకప్పుడు ఆ టీకా మందును దూడల చర్మం మీదే పెంచేవారు. 1899లో మొదలైన మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అలా తయారుచేసిన మందుతోనే చిత్తూరుతో సహా ప్రెసిడెన్సీ అంతటా టీకాలు పడ్డాయి. టీకా వేయించుకున్న మనుషుల చేతుల నుంచి, టీకా దూడల నుంచి ఆ వైరస్ పశువుల్లోకి జారి స్థిరపడి ఉండవచ్చని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. బ్రెజిల్‌లో 1999లో కాంతగాలోలో పాడి పనివాళ్ళ చేతుల మీద బయటపడిన వైరస్ కథా ఇలాంటిదే. భారతదేశం మసూచి నుంచి విముక్తమైందని 1977లో ధ్రువీకరించారు, ఆపై టీకాలు ఆగిపోయాయి. ఇవాళ కొట్టంలో పాలు పిండుతున్న నలభై ఏళ్ళ లోపు మనిషికి భుజం మీద ఆ టీకా మచ్చ లేదు, ఆ రక్షణా లేదు. అవ్వకు రాని పొక్కులు కోడలికి రావడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పొక్కు అనగానే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి మందు మానే అలవాటు ఉంది. ఎనుము మసూచి వరకు దానివల్ల పెద్ద నష్టం లేదు, రెండు మూడు వారాల్లో అది తనంతట తగ్గుతుంది. వేరుగా ఉంచడం, శుభ్రంగా ఉంచడం మంచివే. నల్లపెచ్చు, పెద్ద వాపు, నొప్పి లేకపోవడం కనబడితే మాత్రం మొక్కు మొక్కుకుంటూనే ఆసుపత్రికి పోవాలి.

తామర

దూడల కళ్ళ చుట్టూ, మెడ మీద బూడిద రంగు మందపాటి పెచ్చులు గుండ్రంగా లేస్తే అది తామర. ట్రైకోఫైటన్ వెర్రుకోసం అనే శిలీంధ్రం దీనికి ముఖ్య కారణం. ఇరుకు కొట్టాల్లో, వెలుతురు తక్కువ ఉన్నచోట ఒక దూడ నుంచి మరో దూడకు పాకుతుంది. కొన్ని నెలల్లో దూడకు అదే పోతుంది గానీ, కట్టు గుంజకూ పలుపుతాడుకూ అంటుకున్న బీజాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. నార్వే, ఒకప్పటి సోవియట్ యూనియన్ 1970ల నుంచి దూడలకు టీకాలు వేసి దీన్ని బాగా తగ్గించుకున్నాయి. మనకు అలాంటి కార్యక్రమం లేదు.

మనుషుల్లో ఇది ముంజేతికి, మెడకు, గడ్డానికి, పిల్లల తలకు వస్తుంది. పశువుల తామర మనిషి చర్మానికి కొత్త కాబట్టి చర్మం దాని మీద గట్టిగా తిరగబడుతుంది. ఎర్రగా ఉబ్బి, చీము కారి, తలలోనైతే మెత్తటి గడ్డగా మారి వెంట్రుకలు రాలతాయి. దాన్ని చీముగడ్డ అనుకుని కోయడం, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పొడవడం మామూలుగా జరిగే తప్పు. కావలసింది శిలీంధ్రాన్ని చంపే మాత్రలు, కొన్ని వారాల పాటు.

అయితే ఈ రోజుల్లో చర్మ విభాగాల ముందు బారులు తీరే తామర రోగుల్లో ఎక్కువమందికి అది దూడ నుంచి రాలేదు, ఇంట్లో మరో మనిషి నుంచి వచ్చింది. 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టిన శిలీంధ్రం దేశమంతా మనిషి నుంచి మనిషికి పాకుతోంది, మామూలు మందులకు లొంగడం లేదు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దీన్ని పెంచాయి. దురద మొదటి రోజే తగ్గుతుంది, తామర మాత్రం లోలోపల పరుచుకుంటుంది. 2018లో కేంద్రం చర్మం మీద పూసే పద్నాలుగు స్టెరాయిడ్లను వైద్యుడి చీటీ మీదే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. పల్లె షాపుల్లో ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో తామర రోగి సంచిలోని ట్యూబులే చెబుతాయి. కొట్టంలోంచి వచ్చిన తామరకూ ఇవే ట్యూబులు పూస్తున్నారు, అసలు రూపు చెడిపోయి వైద్యుడు కూడా గుర్తుపట్టలేని స్థితికి తెస్తున్నారు.

మిగిలినవి

గొర్రె, మేక, పంది, ఎనుముల గజ్జి పురుగులు మనిషి మీదికి ఎక్కితే పొట్ట మీద, చేతుల మీద, తొడల మీద విపరీతమైన దురద పుట్టిస్తాయి. మనిషి చర్మంలో అవి సంతతిని పెంచుకోలేవు. జీవాలకు వైద్యం చేసి, వాటికి దూరంగా ఉంటే దురద కొద్ది వారాల్లో పోతుంది. మనిషి నుంచి మనిషికి వచ్చే గజ్జి వేరు, దానికి ఇంటిల్లిపాదికీ మందు వాడాలి. కోళ్ళ ఫారాల్లో పనిచేసేవాళ్ళకు రాత్రిపూట రక్తం తాగే కోడి పురుగులతో ఇలాంటి దద్దుర్లే వస్తాయి. గోమార్లు, పిడుదులు కరిచినచోట పుండు పడవచ్చు, వాటిని చేత్తో చిదమకూడదు.

పందుల మాంసం, చేపలు శుభ్రం చేసేవాళ్ళ వేళ్ళకు ఊదా రంగు వాపుతో మండే నొప్పి తెచ్చే బాక్టీరియా ఒకటుంది, ఎరిసిపెలోత్రిక్స్ దాని పేరు. తిరుపతి జిల్లాలో పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్ళు కూడా ఉన్నందున ఇది ఇక్కడి వైద్యులకు తెలిసి ఉండాలి. చేప ముల్లు గుచ్చుకున్న వేలి మీద ఇలాంటి వాపు వస్తే పెన్సిలిన్‌కు బాగా లొంగుతుంది. పొదుగువాపు ఉన్న ఆవు పాలు పిండిన చేతికి సెగ్గడ్డలు రావచ్చు. ఈసుకుపోయిన పశువు మాయను ఉత్త చేత్తో లాగిన పశువైద్యుల మోచేతులకు ఎర్రటి గుల్లలు లేచిన సంగతులు ఉన్నాయి. అది బ్రూసెల్లా కావచ్చు. చర్మం కంటే నెలల తరబడి వచ్చిపోయే జ్వరంతోనే అది మనిషిని పీడిస్తుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు దీని టీకా వేస్తారు.

అంటనివి కొన్ని ఉన్నాయి, వాటి పేరు మీద అనవసరమైన భయం తిరుగుతుంది. 2019లో దేశంలోకి వచ్చి 2022లో లక్షల పశువులను పడేసిన ముద్దచర్మ వ్యాధి మనిషికి రాదు. ఆ రోజుల్లో పాలు తాగడానికే జనం జంకారు, పాడి రైతు రెండు విధాలా నష్టపోయాడు. గొర్రెల బొబ్బ రోగం, పారుడు రోగం కూడా మనుషులకు అంటేవి కావు.

నల్లపెచ్చు చూసినప్పుడు

తిరుపతి, చిత్తూరు వైద్యులకు నల్లపెచ్చు అనగానే మొదట గుర్తొచ్చేది దొమ్మ కాదు, స్క్రబ్ టైఫస్. ఈ ప్రాంతంలో అది తరచుగా కనబడే జ్వరం. పొదల్లోని చిన్న పురుగు పిల్లలు కుట్టినచోట నల్లపెచ్చు కడుతుంది, అదీ నొప్పి పెట్టదు. పశువులు దాన్ని మనకు అంటించవు, వాటిని మేపడానికి పొదల్లోకి వెళ్ళడమే కారణం. తేడా కనుక్కోవడానికి దారులున్నాయి. స్క్రబ్ టైఫస్ పెచ్చు సాధారణంగా చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర దాక్కుని ఉంటుంది, చుట్టూ వాపు తక్కువ, తీవ్రమైన జ్వరం, తలనొప్పి ముందు వస్తాయి. దొమ్మ పెచ్చు బట్ట కప్పని చోట, పెద్ద వాపు నడుమ ఉంటుంది. అనుమానం తీరనప్పుడు డాక్సీసైక్లిన్ రెంటికీ పనిచేస్తుందన్నది చిన్న ఆసుపత్రి వైద్యుడికి పెద్ద ఊరట. అయినా మందు మొదలుపెట్టక ముందే పొక్కు నీటిని పుల్లదూదితో తీసి ప్రయోగశాలకు పంపాలి. మందు పడ్డాక క్రిమి దొరకడం కష్టం.

ఆ ఫలితం రోగి కాగితాల్లోనే ఆగిపోకూడదు. మనిషికి దొమ్మ వచ్చిందంటే ఎక్కడో ఒక మంద చస్తోంది, ఎక్కడో ఒక నేల మైల పడింది. జంతువుల అంటువ్యాధుల నివారణకు 2009లో చేసిన కేంద్ర చట్టం దొమ్మను తప్పక తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. మంద యజమాని, ఊరి అధికారి, పశువైద్యుడు అందరికీ ఆ బాధ్యత ఉంది. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికీ పశువైద్య కళాశాలకూ మధ్య దూరం ఒకే ఊళ్ళో కొద్ది కిలోమీటర్లు. పల్లెలోనైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పశువుల ఆసుపత్రి తరచూ ఒకే వీధిలో ఉంటాయి. ఒకరి రిజిస్టరు మరొకరు చూడరు. రోగి వృత్తి, ఇంట్లో పశువులు, ఈ నెలలో చచ్చిన జీవం, ఎవరు కోశారన్న నాలుగు మాటలు ఓపీ చీటీలో రాసే పద్ధతి వస్తే ఈ వ్యాసంలోని చాలా జబ్బులు మొదటి రోజే తేలతాయి.

కాపరి వైపు నుంచి చూస్తే చేయవలసినవి కష్టమైనవి కావు. మూతిపుండ్లున్న పిల్లలను పట్టుకునేటప్పుడు రబ్బరు చేతితొడుగులు. చన్నుల మీద పొక్కులున్న ఎనుమును చివర పిండటం, పిండాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం. చేతి మీద కోత ఉంటే ఆ రోజు పిండే పని ఇంట్లో మరొకరికి ఇవ్వడం. ఉన్నట్టుండి చచ్చిన జీవాన్ని కోయకుండా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయడం. అసలు కష్టం ఈ చివరిదే. పాతిపెట్టిన గొర్రెకు పైసా రాదని, కోసిన గొర్రెకు కొంతైనా వస్తుందని కాపరికి తెలిసినంతకాలం ఎన్ని గోడపత్రికలు అంటించినా కత్తి ఆగదు. చెవి నుంచి తీసిన రక్తపు పూతలో దొమ్మ తేలగానే, కళేబరాన్ని కోసి చూపమనకుండా, ఆ మందకు నష్టపరిహారం ఆ వారంలోనే అందాలి. చుట్టుపక్కల మందలకు టీకాలు, మాంసం పోగులు తీసుకున్న ఇళ్ళన్నిటికీ నివారణ మాత్రలు అదే రోజు మొదలవ్వాలి. పోగు తీసుకున్న సంగతి దాచిన ఇంట్లోనే తర్వాతి రోగి బయటపడతాడు. అందుకే ఆ ఇళ్ళ జాబితాను పోలీసుల భయంతో కాక, ఊరి ఆశా కార్యకర్త నమ్మకంగా అడిగి తెలుసుకోవాలి.